ఎంపికను అప్పగించి చేసే భోజనం: గింజాలో ఒమకసే సుషీ

టోక్యో నగరంలోని గింజాలో పేరుమోసిన సుషీ రెస్టారెంట్లు చాలావరకు వీధిలో నడిచేవారి కంట పడవు. ఏదో ఆఫీసు భవనం సెల్లారులోనో, ఇరుకైన లిఫ్టులో చేరుకోవలసిన ఏడో అంతస్తులోనో, పొట్టి గుడ్డ తెర వేలాడే తలుపు వెనుక అవి ఉంటాయి. లోపల ఎనిమిదో పదో కుర్చీలు, వాటి ముందు హినోకి అనే సువాసన గల కలపతో చేసిన పొడవాటి బల్ల, బల్లకు అవతల షెఫ్. చేతికి మెనూ ఇవ్వరు. రాత్రి భోజనానికి మనిషికి 30,000 నుంచి 50,000 యెన్‌ల దాకా, కొన్నిచోట్ల అంతకు మించి చెల్లించడానికి ముందే ఒప్పుకొని వచ్చిన అతిథి, తన ముందుకు ఏమి రాబోతున్నదో తెలియకుండానే కూర్చుంటాడు. ఈ పద్ధతిని జపనీయులు ‘ఒమకసే’ అంటారు. ‘మీకే వదిలేస్తున్నాను’ అని దాని అర్థం.

డబ్బు ఎక్కువ పెట్టేవారికి ఎంచుకునే వీలు కూడా ఎక్కువ ఉండాలని హోటల్ వ్యాపారంలో సాధారణంగా అనుకుంటారు. ఇక్కడ ధర పెరిగినకొద్దీ ఎంపిక తగ్గిపోయి, చివరికి పూర్తిగా మాయమవుతుంది. దీన్ని షెఫ్ అహంకారంగానో, డబ్బున్నవారి వేడుకగానో కొట్టిపారేయడం తేలిక. అయితే వెనిగర్ కలిపిన అన్నపు ముద్ద మీద చేప ముక్కను చేత్తో ఒత్తి పెట్టే నిగిరి సుషీ తయారయ్యే తీరును దగ్గరగా గమనిస్తే, ఈ అప్పగింత ఆ వంటకం స్వభావం నుంచే పుట్టిందని బోధపడుతుంది. అన్నం ఎంత వెచ్చగా ఉంది, చేప పట్టి ఎన్ని రోజులైంది, ముద్ద చేతిలోంచి నోటికి చేరడానికి ఎన్ని క్షణాలు పడుతుంది అనే మూడు కాలాలు ఒకచోట కలిసినప్పుడే దాని రుచి నిలుస్తుంది. ఆ మూడింటినీ ఒకేసారి లెక్క చూడగలిగినది బల్లకు అవతలి మనిషి ఒక్కరే.

సుషీ మొదట్లో విలాస భోజనం కాదు సరికదా, తాజా భోజనం కూడా కాదు. ఉప్పు పట్టించిన చేపను వండిన అన్నంలో నెలల తరబడి పులియబెట్టి, ఆ అన్నాన్ని తీసేసి చేపను మాత్రమే తినే ‘నరెజుషి’ దాని పూర్వరూపం. బివా సరస్సు ప్రాంతంలో ‘ఫునజుషి’ పేరుతో ఆ పద్ధతి నేటికీ బతికే ఉంది. అన్నం పులిసినప్పుడు పుట్టే ఆమ్లం చేపను చెడిపోకుండా కాపాడుతుంది. చద్దన్నం పులుపు తెలిసిన తెలుగువారికి ఈ సూత్రంలో సగం తెలిసిందే. తరవాతి శతాబ్దాలలో పులియబెట్టే వ్యవధి క్రమంగా తగ్గుతూ వచ్చి, చివరికి ఆ పులుపును వెనిగర్ రూపంలో నేరుగా అన్నంలో కలపడం మొదలైంది.

ఇప్పటి నిగిరి సుషీ పుట్టింది 19వ శతాబ్దం తొలి దశాబ్దాలలో, అప్పట్లో ఎడో అని పిలిచిన టోక్యోలో. 1820ల నాటి హనాయా యొహేయి అనే వ్యాపారికి ఆ ఘనత దక్కుతున్నది. అంతకు కొద్దికాలం ముందే, 1804లో, హండా పట్టణంలో నకానో మతజాయెమోన్ అనే వ్యక్తి, తాను తయారుచేసే సాకే అనే బియ్యపు మద్యాన్ని వడగట్టగా మిగిలిన పిప్పితో ఎర్రని వెనిగర్ చేయడం ప్రారంభించాడు. అది చవకగా ఎడోకు చేరింది. పది లక్షల జనాభా గల ఆ నగరంలో పనుల కోసం వచ్చి ఒంటరిగా బతికే మగవాళ్లు చాలామంది ఉండేవారు. వారికి కావలసినది వేగంగా కడుపు నింపే తిండి. వీధిబండి దగ్గర నిలబడి, నేటి ముద్దకు రెండు మూడు రెట్లుండే సుషీని రెండు ముక్కలు తిని, చేతులు తుడుచుకుని వెళ్లిపోయేవారు. నేడు వేల యెన్‌లు పోసి కూర్చునే కౌంటర్ ఆ బండి బల్లకు వారసురాలే. వండేవాడు, తినేవాడు ఎదురెదురుగా ఉండడం, చేత్తో తినడం ఆ బండి నుంచే వచ్చాయి.

ఈ నగర వంటకం దేశమంతటికీ పాకడానికి రెండు విపత్తులు కారణమయ్యాయి. 1923 నాటి మహా కాంటో భూకంపంలో టోక్యో ధ్వంసమై, సుషీ పనివారు సొంత ఊళ్లకు మళ్లారు. నిహోన్‌బషిలో ఉన్న చేపల బజారు కూడా ఆ భూకంపంతోనే అక్కడి నుంచి కదిలి, 1935లో త్సుకిజి మార్కెట్‌గా స్థిరపడింది. రెండోది యుద్ధానంతర కరువు. 1947లో ఆహార కొరత వల్ల ప్రభుత్వం హోటళ్ల వ్యాపారాన్ని నిలిపివేసినప్పుడు, సుషీ దుకాణాలకు ఒక వెసులుబాటు దొరికింది. కొనుగోలుదారు తన ఇంటి నుంచి ఒక ‘గో’ బియ్యం, అంటే సుమారు 150 గ్రాములు, తెచ్చి ఇస్తే దుకాణం కూలి తీసుకుని పది ముద్దల సుషీ చేసి ఇవ్వవచ్చు. ఒకరికి సరిపడే సుషీ అంటే పది ముద్దలన్న కొలత స్థిరపడడంలో ఆ కరువు ఏర్పాటు పాత్ర పెద్దది.

ఇక పదార్థం దగ్గరికి వస్తే, కొత్తవారి కళ్లు సహజంగానే చేప మీద పడతాయి. ఈ వృత్తిలో ఉన్నవారు మాత్రం అన్నం గురించే ఎక్కువ మాట్లాడతారు. ‘షారి’ అని పిలిచే ఈ అన్నాన్ని కాస్త పలుకుగా వండి, వెడల్పాటి చెక్క తొట్టెలోకి వంచి, వేడి మీదే వెనిగర్, ఉప్పు, ఒక్కోచోట పంచదార కలిపి, మెతుకు చిదగకుండా గరిటెతో కోసినట్టు తిప్పుతారు. తరవాత దాన్ని మనిషి ఒంటి వెచ్చదనం దగ్గర నిలుపుతారు. చల్లబడితే మెతుకు గట్టిపడుతుంది, మరీ వేడిగా ఉంటే పైనున్న చేప కొవ్వు కరిగి జారిపోతుంది. అందుకే మంచి దుకాణాలలో అన్నాన్ని ఒకేసారి వండి ఉంచరు. రాత్రికి రెండు వరసల అతిథులుంటే ఒక్కో వరసకు వేరుగా వండుతారు. అందరూ ఒకే సమయానికి రావాలన్న నిబంధనకు అసలు కారణం ఇది. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన ఒక్కరి కోసం మిగతా తొమ్మిది మంది అన్నం చల్లారుతుంది.

ముద్ద ఒత్తడం చూడడానికి అయిదారు క్షణాల పని. ఎడమ చేతిలో చేప ముక్క, కుడి చేతి వేళ్లతో తీసిన అన్నం, చూపుడువేలి కొసతో పూసిన వసాబి అనే ఘాటైన తురుము, రెండు మూడు ఒత్తుళ్లు. చేత్తో ఎత్తినప్పుడు విడిపోకుండా, నోట్లో పెట్టగానే మెతుకు మెతుకుగా విడిపోయేలా ముద్ద లోపల గాలి నిలవాలి. ఈ ఒక్క ఒత్తిడిని పట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. పాత పద్ధతిలో శిష్యుడు గిన్నెలు కడగడం, చేపలు శుభ్రం చేయడం, అన్నం వండడం దాటుకుని కౌంటర్ ముందు నిలబడడానికి పదేళ్లు పట్టేది. అంత కాలం నిజంగా అవసరమా అన్న చర్చ జపాన్‌లోనూ ఉంది, కొద్ది నెలల్లో నేర్పే పాఠశాలలు కూడా వచ్చాయి. చేతి నేర్పు కొన్ని నెలల్లో అబ్బవచ్చు. కానీ ఏడాదికి ఒక్కసారి, కొద్ది వారాలు మాత్రమే దొరికే చేపను పదిసార్లు చూడాలంటే పదేళ్లు గడవక తప్పదు.

చేప విషయంలో ఒక అపోహను ముందు తొలగించాలి. సుషీ అంటే పట్టిన చేపను పట్టినట్టే పచ్చిగా కోసి పెట్టడం అనుకుంటే పొరపాటే. ఎడో శైలి అంటేనే చేపకు ఏదో ఒక పని చేయడం. మంచుపెట్టె లేని కాలంలో ఉప్పు, వెనిగర్, సోయా సాస్, ఆవిరి, మరిగే నీళ్లు చేపను నిలబెట్టే సాధనాలు. అవసరం తీరినా ఆ పద్ధతులు రుచి కోసం మిగిలాయి. దీనికి ‘కొహదా’ మంచి ఉదాహరణ. మన పులసకు దూరపు చుట్టమైన ఈ చిన్న వెండి చేప పచ్చిగా తింటే గొప్పగా ఉండదు, ముళ్లు కూడా ఎక్కువ. దాన్ని విప్పి, ఉప్పు చల్లి, కడిగి, వెనిగర్‌లో ముంచి, ఒకటి రెండు రోజులు ఉంచితే నీచు పోయి, ముళ్లు మెత్తబడి, రుచి నిగ్గు తేలుతుంది. ఉప్పు ఎంతసేపు అన్నది చేప పరిమాణాన్ని, కొవ్వును, ఆనాటి వాతావరణాన్ని బట్టి నిమిషాలతో సహా మారుతుంది. అందుకే ఒక దుకాణం స్థాయిని కొహదా ముక్కతో తేల్చవచ్చని సుషీ ప్రియులు చెబుతారు. ట్యూనాకు ఎంత ధర పెడితే అంత మంచిది వస్తుంది, కొహదాను మాత్రం చేయి నిలబెట్టాలి.

ట్యూనా కథ మరో విధమైనది. ఎడో కాలంలో అది తక్కువ రకం చేప. ఎర్రని కండను సోయాలో నానబెట్టి ‘జుకే’గా వాడేవారు. త్వరగా చెడిపోయే కొవ్వు భాగాన్నయితే పిల్లి కూడా దాటుకుని పోతుందని చులకన చేసేవారు. ఆ భాగమే నేటి ‘ఓతోరో’. శీతలీకరణ వచ్చి, యుద్ధం తరవాత జపనీయుల నాలుక కొవ్వు రుచికి అలవాటు పడ్డాకే దాని దశ తిరిగింది. 1972 ఆగస్టులో కెనడా నుంచి విమానంలో వచ్చిన బ్లూఫిన్ ట్యూనా త్సుకిజి వేలంలో అమ్ముడుపోవడంతో అది ప్రపంచ సరుకుగా మారింది. మార్కెట్ 2018 అక్టోబరులో టొయోసుకు తరలింది. 2019 జనవరిలో అక్కడ జరిగిన తొలి కొత్త సంవత్సరపు వేలంలో 278 కిలోల ఒక్క చేప 33 కోట్ల 36 లక్షల యెన్‌లు పలికింది. ఆ ధర ప్రచారం కోసం పెట్టినదే తప్ప రోజువారీ బేరం కాదు. అయినా ఈ మోజుకు సముద్రం మూల్యం చెల్లించింది. అతిగా వేటాడడం వల్ల పసిఫిక్ బ్లూఫిన్ సంతానం కనగల పెద్ద చేపల నిల్వ 2010 ప్రాంతంలో, వేట లేనప్పుడు ఉండగల స్థాయిలో 2 శాతానికి పడిపోయింది. వివిధ దేశాలు వేటకు పరిమితులు పెట్టుకోవడంతో 2022 నాటికి అది 23 శాతానికి చేరింది. ఈ కోలుకోవడం లేకపోయి ఉంటే ఓతోరో గురించి ఇంత నిశ్చింతగా రాయడం కుదిరేది కాదు.

చేపను వెంటనే కాక కొన్ని రోజులు నిలవ ఉంచి వడ్డించడం వెనుక రసాయన శాస్త్రం ఉంది. చేప చనిపోయాక దాని కండరాలలో శక్తిని నిలువ చేసే అణువు క్రమంగా విడిపోయి ఇనోసినిక్ ఆమ్లంగా మారుతుంది. ‘ఉమామి’ అనే రుచికి ఇది ఒక మూలం. ఇంకా ఆలస్యమైతే ఆ ఆమ్లం కూడా విడిపోయి రుచి దిగజారుతుంది. చేప గిలగిలా కొట్టుకుని చస్తే ఆ శక్తి ముందే ఖర్చవుతుంది కనుక, పట్టిన వెంటనే మెదడులో పొడిచి, రక్తం తీసి, వెన్నులోకి తీగ పంపే ‘ఇకెజిమే’ పద్ధతిని జపాన్ జాలరులు పాటిస్తారు. ఉమామికి ఆ పేరు పెట్టినది 1908లో కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లుటమేట్‌ను వేరు చేసిన కికునయే ఇకెడా. ఎండు బొనిటో చేపలోని ఇనోసినేట్ సంగతి 1913లో షింతరో కొదామా తేల్చాడు. ఈ రెండూ కలిస్తే రుచి విడివిడిగా ఉన్నదానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. సుషీ ముద్ద మీద కుంచెతో పూసే సోయాలో గ్లుటమేట్ ఉంది, నిలవ చేసిన చేపలో ఇనోసినేట్ ఉంది. శతాబ్దం ముందే వీధిబండి మీద కుదిరిన జంటకు ప్రయోగశాల తరవాత కారణం చెప్పింది.

రుతువు మీద ఇంత పట్టింపు పరాయివారికి వింతగా తోచవచ్చు గాని గోదావరి జిల్లాలవారికి తోచదు. పుస్తెలమ్మి అయినా పులస తినాలని అక్కడి సామెత. పెళ్లాన్ని తాకట్టు పెట్టి అయినా సరే తొలి బొనిటో తినాలని ఎడో నగరంలోనూ ఒక సామెత ఉండేది. వేల మైళ్ల దూరంలోని రెండు సమాజాలు ఒకే మాట అనుకున్నాయి, రెండుచోట్లా మగవాడి జిహ్వచాపల్యం భార్య మీదే భారం వేసింది. జపనీయులు ఒక్కో పదార్థపు రుతువును మూడు దశలుగా చూస్తారు. తొలిరాక ‘హషిరి’, నిండు కాలం ‘షున్’, వెళ్లిపోతున్న కాలం ‘నగొరి’. కొహదా జాతి పిల్ల చేప ‘షింకో’ వేసవి మొదట్లో మార్కెట్‌కు వచ్చినప్పుడు, నాలుగైదు చేపలు కలిపితే గాని ఒక్క ముద్దకు చాలవు, అయినా దానికి కిలోకు ట్యూనాను మించే ధర పలుకుతుంది. రుచిలో అది పెద్ద కొహదాను మించదన్న సంగతి కొనేవారికీ తెలుసు. కొనేది ఆ తొలిరాకనే.

ఈ లెక్కలన్నీ కలిసినప్పుడే ధర అర్థమవుతుంది. పది కుర్చీలు, రాత్రికి రెండు వరసలు అనుకుంటే ఇరవై మందికి మించరు. చేపను తెల్లవారుజామున టొయోసులో, ట్యూనాకు ఒకరు, రొయ్యలకు ఒకరు అన్నట్టు ఒక్కో రకంలో ఆరితేరిన మధ్యవర్తుల దగ్గర, ఆ రాత్రికి సరిపడా కొంటారు. మిగిలినది మరుసటి రోజుకు పనికిరాకపోవచ్చు. ఇద్దరు అతిథులు చెప్పకుండా ఎగ్గొడితే ఆ రాత్రి ఆదాయంలో పదో వంతు, కొన్న చేప రెండూ పోయినట్టే. అందుకే చివరి నిమిషపు రద్దుకు మొత్తం సొమ్ము వసూలు చేయడం వాడుక అయింది. గింజాలో భూమి ధర దీనికి అదనం. మరోవైపు ఇదే వంటకం అతి చవకగానూ దొరుకుతుంది. యొషియాకి షిరాయిషి అనే హోటల్ యజమాని బీరు కర్మాగారంలో సీసాలు మోసే బెల్టును చూసి, 1958లో హిగాషి ఒసాకాలో తిరిగే బెల్టు మీద సుషీ పళ్లేలను పెట్టాడు. అక్కడ తినేవాడికి పూర్తి స్వేచ్ఛ, చేయి చాచి నచ్చింది తీసుకోవచ్చు. బెల్టు మీద తిరిగే ముద్దకు తన అన్నం ఎంత చల్లారిందో చెప్పేవారు మాత్రం ఉండరు.

బయటివారిని ఇబ్బంది పెట్టే మర్యాదలు చాలావరకు పనికి సంబంధించినవే. అత్తరు పూసుకుని రావద్దంటారు, ఎందుకంటే తెల్లని చేపల వాసన చాలా సున్నితమైనది, గది చాలా చిన్నది. ముద్ద ముందు పెట్టిన వెంటనే తినమంటారు, ఎందుకంటే ఆ క్షణం నుంచే అన్నం చల్లారడం, అప్పుడే తురిమిన అసలు వసాబి ఘాటు ఆవిరవడం మొదలవుతాయి. ఫోటోల కోసం ముద్దను నిమిషాల తరబడి ఆపడం షెఫ్ పడిన శ్రమను చేజేతులా పాడుచేయడమే. చేత్తో తినడం తప్పు కాదు, ముద్ద విడిపోకుండా ఉండడానికి అదే మేలు. సోయా విడిగా ఇస్తే అన్నం వైపు ముంచకూడదు, అన్నం దాన్ని పీల్చుకుని విచ్చిపోతుంది. చాప్‌స్టిక్‌లను అన్నంలో నిలువుగా గుచ్చకూడదన్నదీ, ఒకరి చాప్‌స్టిక్‌ల నుంచి మరొకరి చాప్‌స్టిక్‌లకు పదార్థం అందించకూడదన్నదీ వేరే కోవకు చెందుతాయి, ఆ రెండూ అక్కడి అంత్యక్రియల ఆచారాలను గుర్తుచేస్తాయి. టిప్పు ఇచ్చే అలవాటు లేదు. 10 శాతం వినియోగ పన్ను ఉంటుంది, కొన్నిచోట్ల సర్వీస్ ఛార్జీ కూడా ఉంటుంది.

అన్ని నియమాలకూ ఇలాంటి సమర్థన దొరకదు. 2007 నవంబరులో రెస్టారెంట్లకు నక్షత్రాలతో స్థాయి కట్టే మిషెలిన్ గైడ్ తొలిసారి టోక్యోకు వచ్చినప్పుడు 150 రెస్టారెంట్లకు 191 నక్షత్రాలు దక్కాయి, మూడు నక్షత్రాలు అందుకున్న ఎనిమిదింటిలో జిరో ఒనో నడిపిన సుకియబషి జిరో ఒకటి. గింజా మెట్రో స్టేషన్ పక్కన సెల్లారులో పది కుర్చీలతో ఉండే ఆ దుకాణంలో 2014 ఏప్రిల్‌లో నాటి జపాన్ ప్రధాని అబే, అమెరికా అధ్యక్షుడు ఒబామాకు విందు ఇచ్చారు. 2019 నవంబరులో గైడ్ ఆ పేరును తొలగించింది. సాధారణ ప్రజలకు అక్కడ బుకింగ్ తెరిచి లేదన్నదే కారణం. పేరు పెరిగినకొద్దీ పాత అతిథులు, వారి పరిచయస్తులు, పెద్ద హోటళ్ల సిబ్బంది ద్వారా వచ్చేవారు మాత్రమే కూర్చోగలిగే పరిస్థితి ఇలాంటి చాలా కౌంటర్ల దగ్గర ఉంది. పది కుర్చీలే ఉన్నప్పుడు తెలిసినవారికి ముందు ఇవ్వడం వ్యాపారపరంగా సహజమే కావచ్చు. అయితే వీధిబండి దగ్గర కూలివాడు తిన్న వంటకానికి నేడు పరిచయం కూడా కావలసి రావడం బాధించే పరిణామం. ఆడవారి చేతులు వెచ్చగా ఉంటాయి కాబట్టి చేప పాడవుతుందన్న మాట ఇంకా చెత్త సాకు. అన్నాన్నే ఒంటి వెచ్చదనం దగ్గర నిలిపే పనిలో ఆ వాదనకు అర్థం లేదు. దాన్ని లెక్కచేయకుండా కౌంటర్ వెనుక నిలబడుతున్న స్త్రీల సంఖ్య ఇప్పటికీ తక్కువే.

శాకాహారులకు ఈ భోజనం కష్టమైనది, ఆ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. టోక్యోలోని ఎడొగావా వార్డు, నిషికసాయ్ ప్రాంతంలో స్థిరపడిన భారతీయులలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. వారిని చూడడానికి వెళ్లే తల్లిదండ్రులు చాలామందికి అనుభవంలోకి వచ్చే చిక్కు, చేప కనబడని వంటకంలోనూ చేప ఉండడం. జపాన్ వంటకు పునాది అయిన ‘దాషి’ రసాన్ని కొంబుతో పాటు ఎండు బొనిటో తురుముతో కాస్తారు. మిసో సూప్‌లోనూ, ఉడికించిన కూరగాయలలోనూ అది ఉంటుంది. ఎడో శైలి గుడ్డు అట్టులో రొయ్య ముద్ద కలపడం కూడా ఉంది. అందువల్ల చేప తినని వారికి సుషీ కౌంటర్ కంటే, కొంబు, షియిటకే పుట్టగొడుగుల దాషితో నడిచే బౌద్ధ ఆలయాల ‘షోజిన్’ భోజనం మేలు. ఏదో ఒక్కటి పడకపోయినా ఆ మాట బుకింగ్ సమయంలోనే చెప్పాలి. కౌంటర్ ముందు కూర్చున్నాక చెబితే షెఫ్ చేతిలో ప్రత్యామ్నాయం ఉండదు, ఎందుకంటే ఆ రాత్రి కొనుగోలు తెల్లవారుజామునే అయిపోయింది.

ముద్దల వరసకూ ఒక నడక ఉంటుంది. అందరూ ఒకే క్రమం పాటించకపోయినా, తేలికైన తెల్లని చేపలతో మొదలై, వెనిగర్‌లో ఊరినవీ ట్యూనా రకాలూ మధ్యలో వచ్చి, తియ్యని సోయా పాకం పూసిన ‘అనగో’ అనే సముద్రపు ఈల్ చేప దగ్గర ముగింపు మొదలవుతుంది. తరవాత సూప్, చుట్ట సుషీ, గుడ్డు అట్టు వస్తాయి. ఆ చుట్టలో తరచుగా ఉండేది ‘కాన్‌ప్యో’. సొరకాయను రిబ్బనులా గీరి ఎండబెట్టి, సోయాలో, పంచదారలో ఉడికించినది అది. అంత ఖరీదైన భోజనం చివర మన పెరటి కాయ ఎదురుకావడం తెలుగు అతిథికి ఊహించని సంతోషం.

గుడ్డు అట్టు వచ్చిందంటే వరస అయిపోయినట్టు. వేడి టీ పోసి, బిల్లు రాసేలోపు, ఇంకేమైనా కావాలా అని షెఫ్ అడుగుతాడు. రెండు గంటల క్రితం అప్పగించిన ఎంపిక అతిథి చేతికి తిరిగి వచ్చేది అప్పుడే. నచ్చినదాన్ని మరొకసారి అడగవచ్చు, ఆ రాత్రి రాని చేప ఏదైనా ఉందా అని కూడా అడగవచ్చు. అలవాటైన అతిథులు చాలామంది ఆ ఒక్క ముద్దకు ఓతోరోను కాకుండా కొహదాను కోరుకుంటారు.